అచ్చమైన బాలల ఖర్చు

మా జిల్లాలో పిల్లలున్నారన్న సంగతి పోయిన వేసవిలో ప్రభుత్వం దృష్టికి వచ్చింది. అంతకుముందు లేరని కాదు. బడికి వెళితే విద్యాశాఖ పద్దులోనూ, జబ్బుపడితే ఆరోగ్యశాఖ పద్దులోనూ, తప్పిపోతే పోలీసు పద్దులోనూ విడివిడిగా దొరికేవారు తప్ప, పిల్లలు పిల్లలుగా ఎక్కడా కనిపించేవారు కాదు. ఈ లోటు తీర్చడానికి రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట జిల్లాలో ఖర్చయ్యే ప్రతి రూపాయిలోనూ బాలల హక్కులకు ఎంత వాటా వెళుతోందో ప్రతి శాఖా చూపించాలి. పిల్లల వాటా కనిపించని పనికి డబ్బు విడుదల కాదు.

నేను జిల్లా ప్రణాళికా కార్యాలయంలో సూపరింటెండెంటుని. ఉత్తర్వు రావడం, దానికి జవాబు వెళ్లడం, జవాబు అందలేదని మళ్లీ ఉత్తర్వు రావడం చూస్తూ జుట్టు నెరిపించుకున్నవాణ్ని. ఇదీ అలాంటిదే అనుకున్నాను. కానీ ఈ ఉత్తర్వు వెనకాలే ఒక మనిషి కూడా వస్తాడని, ఆయనకి బస, భోజనం, కారు జిల్లాయే చూసుకోవాలని రెండో పేజీలో ఉంది. అప్పుడు ఇది మామూలు ఉత్తర్వు కాదని అర్థమైంది.

ఆ వారంలోనే గెడ్డవలస అంగన్‌వాడీ టీచరు సుగుణమ్మ మా ఆఫీసుకి వచ్చింది. ఆమె కేంద్రం స్లాబు పాడైపోయింది. సిమెంటు పెచ్చులు ఊడి, లోపలి ఇనప చువ్వలు తుప్పుపట్టి బయటికి కనిపిస్తున్నాయి. ఇంజనీరు వచ్చి చూసి, మరమ్మతు తప్పనిసరి అని రాసి, అంచనా కూడా కట్టి వెళ్లాడు. ఇక డబ్బు విడుదల కావడమే మిగిలింది.

"వానలొచ్చీలోగా అయిపోవాలండి. పిల్లల్ని ఓ మూలకే కూకోబెడతన్నాను. ఆ మూల మీదా నాకు నమ్మకం లేదండి," అంది ఆమె.

మా జిల్లా ప్రణాళికాధికారి పట్నాయక్ గారు ఎవరేమడిగినా కాదనరు. అవునని కూడా అనరు. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పిల్లలకు సంబంధించిన పని కదా అన్నారు. సుగుణమ్మ ఆశగా అవునండి అంది. అక్కడే పొరపాటు చేసింది. గోదాము అనో, పశువుల శాల అనో చెప్పి ఉంటే ఆ పూటే సంతకం పడేది.

"పిల్లల పనులన్నీ నూతన విధానం పరిధిలోకి వచ్చాయమ్మా. కన్సల్టెంటు గారు విచ్చేసి మార్గదర్శకాలు జారీ చేసేవరకూ పిల్లలకు సంబంధించినదేదీ చేపట్టరాదు. ఇది వాళ్ల విశాల ప్రయోజనాల దృష్ట్యా తీసుకున్న నిర్ణయం," అన్నారు పట్నాయక్ గారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇంకా ఊళ్లోకి రానేలేదు.

కన్సల్టెంటు పేరు విశేష్ గారు. ముప్పయ్యేళ్లు ఉంటాయేమో. ఒంటి మీద సూటు, కాళ్లకి పరుగుపందెం బూట్లు. నాలుగు దేశాల్లో బాలల బడ్జెట్లు బాగుచేసి, అయిదో దేశంగా మా జిల్లాకి వచ్చారు. సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన హోటల్లో వర్క్‌షాపు పెట్టారు. సదస్సుకి నలుగురు పిల్లల్ని కూడా పిలిస్తే బావుంటుందని ఎవరో అన్నారుగానీ, ఆ హాల్లోకి పిల్లల్ని రానివ్వరని హోటలు మేనేజరు చెప్పాడు. అందుకని గోడల నిండా నవ్వుతున్న పిల్లల ఫొటోలు పెట్టించారు.

విశేష్ గారు మైకు పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ మాట్లాడారు. "ప్రతి రూపాయీ ఒక ప్రయాణికుడు సార్. ఎక్కడ ఎక్కిందో నాకు అనవసరం. ఎక్కడ దిగిందో చెప్పండి చాలు."

దీని పేరు ఆఖరి చెయ్యి సూత్రం. పిల్లల కోసమని పెట్టే ఖర్చులో రూపాయి చివరికి ఎవరి చేతిలో పడిందో చూడాలి. ఆ చెయ్యి పద్దెనిమిదేళ్లలోపు వాళ్లదైతే అది అచ్చమైన బాలల ఖర్చు. పెద్దవాళ్లదైతే పిల్లల పేరు చెప్పి పెద్దలు తిన్నట్టు లెక్క. ఇన్నాళ్లూ జరిగింది అదే కదా అని హాల్లో అందరూ తలలు ఊపారు. ఆ విషయంలో అనుభవమున్నవాళ్లు ఇంకాస్త గట్టిగా ఊపారు.

మరి పిల్లలతో సంబంధం లేని శాఖల సంగతేమిటని రోడ్ల శాఖాధికారి లేచి అడిగారు. వాళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది. దాన్ని ప్రభావ వాటా అంటారు. తమ పని వల్ల పిల్లలకు పరోక్షంగా ఎంత మేలు జరుగుతోందో ఆ శాఖే ఒక పేజీ రాసి సంతకం పెట్టిస్తే చాలు, అంత శాతం పిల్లల ఖర్చు కింద వేసుకోవచ్చు. అయితే పిల్లల శాఖకి కూడా అలా వేసుకోవచ్చా అని నేను అడిగాను. కుదరదన్నారు విశేష్ గారు. వాళ్లది ఎలాగూ పిల్లల శాఖే కాబట్టి ప్రభావం ఉండనే ఉంటుంది, మళ్లీ వాటా కూడా ఇస్తే ఒక్కదాన్నే రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుందట. ఈలోగా భోజనాలకి పిలిచారు. రొయ్యల వేపుడు బాగుంది.

తర్వాతి రోజుల్లో మా ఆఫీసుకి ప్రభావ వాటా పత్రాలు వరదలా వచ్చాయి. మా జిల్లా అధికారులకి పిల్లల మీద ఇంత ప్రేమ ఉందని నాకూ అప్పుడే తెలిసింది. రోడ్ల మీద పిల్లలు కూడా నడుస్తారు కాబట్టి రోడ్ల శాఖ సగానికి పైగా వేసుకుంది. ఎక్సైజు శాఖ వాళ్ల వాదన ఇంకా లోతైనది. తండ్రులు రాత్రి పొద్దుపోయేదాకా దుకాణాల దగ్గరే ఉండిపోవడం వల్ల ఇళ్లు ప్రశాంతంగా ఉండి పిల్లలు చదువుకుంటున్నారని రాశారు. జైళ్ల శాఖ, తమ దగ్గరున్న ప్రతి ఖైదీ ఒకప్పుడు బాలుడేనని గుర్తుచేసింది. కలెక్టరు బంగళాలో ఏసీ మార్చిన ఖర్చు కూడా పిల్లల ఖాతాలోకే వచ్చింది. దొరగారు చల్లగా ఉంటే పిల్లల గురించి స్థిమితంగా ఆలోచిస్తారు.

అన్నిటికన్నా శ్మశానాల పత్రం నన్ను కట్టిపడేసింది. పెద్దలు పోవడం వల్లనే కదా ఇళ్లలో పిల్లలకి చోటు దొరుకుతుందని, కాబట్టి దహనవాటికల ఖర్చు మొత్తంగా రాబోయే తరం మీద పెట్టిన పెట్టుబడి అని పంచాయతీ శాఖ వాళ్లు రాశారు. విశేష్ గారు ఆ పేజీని ఫొటో తీసుకుని విదేశాల్లోని మిత్రులకి పంపారు.

అన్నీ కలిపి చూస్తే పిల్లల వాటా నూటికి నూటనలభై వచ్చింది. పట్నాయక్ గారికి చెమటలు పట్టాయి. ఉన్న బడ్జెట్ కన్నా ఎక్కువ పిల్లల మీద ఎలా ఖర్చు పెట్టామని ఆడిట్ వాళ్లు అడిగితే ఏం చెప్పాలన్నారు. విశేష్ గారు ఆయన భుజం తట్టి, దాన్ని అంకితభావం అంటారని చెప్పారు.

ఒక్క శాఖకే సున్నా వచ్చింది. అది శిశు సంక్షేమ శాఖ.

ఏం చేస్తాం, సూత్రం సూత్రమే. అంగన్‌వాడీ పిల్లలు తినే కోడిగుడ్ల డబ్బు ఆఖరికి కోళ్లఫారం యజమాని చేతిలో పడుతోంది. ఆయనకి అరవై దాటాయి కాబట్టి అది వృద్ధుల సంక్షేమం. పాల డబ్బు పాడి అభివృద్ధి. టీచర్ల జీతం మహిళా సాధికారత. గుడ్డు తిన్నది పిల్లే కదా అని సుగుణమ్మ అడిగితే, తిన్నది గుడ్డునమ్మా, రూపాయిని కాదని పట్నాయక్ గారు ఓపిగ్గా వివరించారు. జిల్లా అంతా పిల్లల కోసం పాటుపడుతుంటే మీ శాఖ ఒక్కటీ ఉలిపికట్టెలా ఇంకో దారిన పోతోందని మందలించారు కూడా.

ఆమె మాటలు పడింది. పడి, స్లాబు సంగతేమిటని మళ్లీ అడిగింది. అప్పటికి ఆకాశంలో మబ్బులు కమ్ముతున్నాయి.

స్లాబు ఫైలు విశేష్ గారి ముందు పెట్టాం. సిమెంటు డబ్బు కొట్టువాడికి, ఇనుము డబ్బు ఇంకో కొట్టువాడికి, కూలి డబ్బు అప్పలసూరి అనే తాపీమేస్త్రీకి వెళుతుంది. అప్పలసూరి వయసు అడిగారు. నాకు తెలిసి అతనికి మనవలున్నారు. అందులో పిల్లల వాటా సున్నా, కాబట్టి విడుదల లేదు.

సుగుణమ్మ కదల్లేదు. "అయితే ఏటి చెయ్యమంటారండి? ఆ కప్పు కింద మా పిల్లలున్నారండి," అంది.

విశేష్ గారు కఠినాత్ములు కారు. ఆమె బాధ చూసి చాలాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు. తర్వాత ఆయన ముఖం విప్పారింది.

"సింపుల్ మేడమ్. పద్దెనిమిదేళ్లలోపు తాపీమేస్త్రీని పెట్టుకోండి. కూలి డబ్బు నేరుగా చైల్డ్‌కే వెళుతుంది. అచ్చమైన బాలల ఖర్చు."

చిన్నపిల్లల చేత పనిచేయిస్తే జైల్లో పెడతారండి అని సుగుణమ్మ నెమ్మదిగా చెప్పింది. పట్నాయక్ గారు కంగారుపడి, ఈ అంశంపై కార్మిక శాఖ అభిప్రాయం కోరుతూ లేఖ రాయించారు. మూడోనాటికి జవాబు వచ్చింది. బాల కార్మికుణ్ణి నియమించడం చట్టవిరుద్ధమే, అయితే నియమించిన పక్షంలో తమ సిబ్బంది తక్షణం దాడిచేసి ఆ బాలుణ్ణి విముక్తుణ్ణి చేస్తారు, ఆ విముక్తి ఖర్చు కూడా పిల్లల పద్దులోకే వస్తుంది కాబట్టి జిల్లాకి రెండు విధాలా లాభమని అందులో ఉంది. అభ్యంతరం లేదని కింద సంతకం.

నేను సుగుణమ్మని వరండాలోకి పిలిచి, ఈ మాటలేవీ పట్టించుకోవద్దని, పిల్లల్ని ఆ గదిలోంచి ఎక్కడికైనా మార్చమని చెప్పాను. ఎక్కడికి మార్చమంటారని ఆమె అడిగింది. కేంద్రంలో రెండో గది స్లాబూ అదే తీరుగా ఉందట. ఊరి బడిలో గదులు చాలక వాళ్లే అరుగుల మీద కూర్చుంటున్నారట. పంచాయతీ భవనంలో బాలల హక్కుల ప్రచార సామగ్రి నింపి తాళం వేశారట. పైగా చెప్పిన భవనంలో కాకుండా ఇంకోచోట కేంద్రం నడిపితే పై అధికారులు గైర్హాజరు వేస్తారు.

శ్రావణమాసం మొదట్లో వాన పట్టుకుంది. రెండు రోజులు తెరిపివ్వలేదు. మూడోరోజు మధ్యాహ్నం, పిల్లలు అన్నాలు తినే వేళకి స్లాబులోంచి చప్పుడు వచ్చింది. సుగుణమ్మ, ఆయా కలిసి పిల్లల్ని రెక్కపట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చారు. అందరూ వచ్చేశారనుకున్నారు. హేమశ్రీ అనే నాలుగేళ్ల పిల్ల అన్నం కంచం వదిలేశానని మళ్లీ లోపలికి వెళ్లింది. స్లాబు కూలింది. అదృష్టం బాగుండి ఆ పిల్ల గుమ్మం దగ్గరే ఉంది గనక ప్రాణం దక్కింది. కుడి చెయ్యి విరిగింది.

ఆ కబురు విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తేలలేదు. మర్నాటి సమీక్షా సమావేశంలో అదే తేల్చబోయారు. ఇంజనీరు తాను ముందే రాశానన్నాడు. పట్నాయక్ గారు తాను నిబంధన దాటలేదన్నారు. శిశు సంక్షేమ అధికారి తమకి వచ్చిన సున్నా చూపించింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు పంచుకుంటూ పోతే చివరికి వానకి కూడా కొంత మిగిలింది. వానని సంజాయిషీ అడగలేం కాబట్టి, పిల్లకి పరిహారం ఇచ్చి సరిపెట్టాలని నిర్ణయించారు.

విశేష్ గారు ఆ మాట దగ్గర నిటారుగా కూర్చున్నారు.

"ఆ చెక్కు ఎవరి పేరు మీద?" అన్నారు.

పిల్ల పేరు మీదనే అన్నారు పట్నాయక్ గారు.

"పిల్ల వయసు?"

"నాలుగేళ్లండి."

"అంటే మధ్యలో కొట్టువాడు లేడు, మేస్త్రీ లేడు, టీచరు లేదు. ఆఖరి చెయ్యి అచ్చంగా చైల్డ్‌ది. సార్, జిల్లా చరిత్రలో ఇది మొట్టమొదటి అచ్చమైన బాలల ఖర్చు. కంగ్రాచ్యులేషన్స్."

ముందు ఒకరిద్దరు తటపటాయించారు. తర్వాత చప్పట్లు కొట్టారు. శిశు సంక్షేమ అధికారి కళ్లు తుడుచుకుంది. ఆమె శాఖకి సున్నా తప్పింది.

చెక్కు ఇవ్వడానికి సభ పెట్టారు. విరిగింది కుడి చెయ్యి కాబట్టి హేమశ్రీ ఎడమచేత్తో అందుకుంది. కట్టు కూడా ఫొటోలో పడాలని ఫొటోగ్రాఫరు ఆ పిల్లని రెండుసార్లు తిప్పి నిలబెట్టాడు. పిల్ల తల్లి అసిరమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కూతురి చెయ్యి విరిగినప్పటి నుంచి పనికి వెళ్లలేదు. ఆస్పత్రిలో కట్టు కట్టించడానికి చెవుల దుద్దులు తాకట్టు పెట్టిందట. ఈ డబ్బు ఎప్పుడు తీసుకోవచ్చని ఆమె అడిగింది.

తీసుకోకూడదని పట్నాయక్ గారు చెప్పారు. తల్లి తీసుకుంటే అది పెద్దవాళ్ల చేతిలో పడినట్టు అవుతుంది, అచ్చదనం పోతుంది. అందుకని పిల్లకి పద్దెనిమిదేళ్లు నిండేదాకా బ్యాంకులోనే ఉంటుంది. నిండిన రోజున పిల్ల కూడా పెద్దవాళ్లలోకి వచ్చేస్తుంది కదా, అప్పుడు మాత్రం ఎలా తీసుకుంటుందని నేను విశేష్ గారి చెవిలో అడిగాను. అది తర్వాతి దశ ప్రాజెక్టులో పరిశీలిస్తామన్నారు.

అసిరమ్మ చెక్కు చూపించి పక్కనున్న సుగుణమ్మని ఎంతని అడిగి తెలుసుకుంది. స్లాబు మరమ్మతుకి ఎంతయ్యేదో కూడా అడిగింది. పరిహారంలో సగం కూడా కాదని సుగుణమ్మ చెప్పింది.

"అయితే బాబూ, మా పిల్ల సెయ్యి ఇరిగితే గానీ మీ సేతిలోంచి డబ్బు దిగనేదా? ఇందులో సగం ఆ కప్పుకి ఎట్టుంటే, దాని సెయ్యి దానికుండును. పదిమంది పిల్లలకి నీడా ఉండును," అంది పట్నాయక్ గారితో.

లబ్ధిదారు తల్లి తన స్పందన తెలియజేశారని మినిట్సులో రాయమన్నారు పట్నాయక్ గారు. రాశాను. ఏమని తెలియజేసిందో రాయమని ఆయన చెప్పలేదు. నేను అది కూడా ఆమె మాటల్లోనే రాశాను. మర్నాడు ఆ పేజీ మళ్లీ టైపు చేయించారు.

మా జిల్లాకి రాష్ట్రంలో ప్రథమ బహుమతి వచ్చింది. రోడ్లు, దుకాణాలు, జైళ్లు, శ్మశానాలు అన్ని జిల్లాల్లోనూ ఉన్నాయిగానీ, అచ్చమైన బాలల ఖర్చు చూపించింది మా జిల్లా ఒక్కటే. మూడు జిల్లాల అధికారులు మా అనుభవం తెలుసుకోవడానికి వచ్చి, అదే హోటల్లో రొయ్యల వేపుడు తిని వెళ్లారు. విశేష్ గారికి ఇంకో రెండేళ్లు పొడిగింపు దొరికింది.

బహుమతితో పాటు కొత్త ఏడాది లక్ష్యం కూడా వచ్చింది. అచ్చమైన బాలల ఖర్చు పది రెట్లు పెరగాలి. ఆ కాగితం చదివాక పట్నాయక్ గారు నన్ను పిలిచి, జిల్లాలో శిథిలావస్థలో ఉన్న అంగన్‌వాడీ భవనాలెన్నో జాబితా తయారుచెయ్యమన్నారు. ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకి బుద్ధి వచ్చింది, చేతులు కాలాకైనా ఆకులు పట్టుకున్నారనుకుని ఆ పూటే తయారుచేసి ఇచ్చాను. ఆయన పైనున్న శీర్షిక కొట్టేసి, తన చేత్తో ఇంకొకటి రాశారు. అవకాశాలున్న కేంద్రాలు. ఆ జాబితాలోని భవనాలకి లక్ష్యం పూర్తయ్యేవరకూ మరమ్మతులు చేపట్టరాదని దాని కింద ఒక వాక్యం కలిపారు.

గెడ్డవలస కేంద్రంలో రెండో గది స్లాబు ఇంకా నిలబడే ఉంది గనక దానికీ ఆ జాబితాలో చోటు దొరికింది. అయితే తనిఖీకి వెళ్లినవాళ్లు లోపల ఒక్క పిల్లా లేదని రిపోర్టు ఇచ్చారు. సుగుణమ్మ పిల్లలందరినీ అసిరమ్మ ఇంటి పెరట్లో టార్పాలిన్ కట్టి కూర్చోబెట్టింది. ఊరి ఆడవాళ్లు తలో చెయ్యీ వేశారు. పై అధికారుల అనుమతి లేకుండా పిల్లల్ని స్లాబు కిందనుంచి తొలగించి జిల్లా లక్ష్యానికి విఘాతం కలిగించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలపండని ఆమెకి మెమో వెళ్లింది. అది నేనే టైపు చేయించాను. ఉద్యోగం అలాంటిది.

జవాబు పట్టుకుని ఆమే వచ్చింది. కాగితం ఇవ్వకుండా పట్నాయక్ గారి ఎదురుగా నిలబడి నోటితోనే చెప్పింది.

"ఉద్యోగం తీసీసినా పిల్లల్ని ఆ కప్పు కిందకి పంపనండి. సెంటరు కాళీగానే ఉన్నాది. లక్ష్యం పూర్తవ్వాలంటే పెద్దసార్లు తమరే వెళ్లి దాని కింద కూకోండి."

విశేష్ గారు కూడా అక్కడే ఉన్నారు. పట్నాయక్ గారు ఈ సూచనని పరిశీలించి అభిప్రాయం పెట్టమని ఫైలు నా వైపు తోశారు. నా బల్ల దగ్గరికి తెచ్చుకుని సూత్రం మొదటినుంచి చివరిదాకా మళ్లీ చదివాను. టీచరు చేసిన సూచన చాలా ఉపయుక్తమైనదేగానీ, అధికారులందరూ పద్దెనిమిదేళ్లు నిండినవారు కావడం వల్ల ఈ పద్దు కింద స్లాబు మీదపడటానికి వారు అర్హులు కారని రాశాను. రాసి, అందుకు చింతిస్తున్నామని కూడా చేర్చాను. ఇన్నేళ్ల నౌకరీలో ఆ మాట మనస్ఫూర్తిగా రాయడం అదే మొదటిసారి.